చెంబుడు నీళ్ళల్లో షానన్ నది

మా చిన్నప్పుడు... క్లెమెంటి ఫ్లాట్‌లో ఆరుగురికి ఒక్కటే స్నానాల గది.

ఆ జనవరి ఉదయం కూడా అన్ని ఉదయాల్లాంటిదే. అమ్మ పెనం మీద అట్లు వేస్తోంది. నాన్న భుజాన తువ్వాలు వేసుకుని వరుసలో నిలబడి గోడ గడియారం చూస్తున్నారు... రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు, బస్సు తప్పితే పై అధికారితో మాట పడాలి. తమ్ముడు గోడకానుకుని నిద్రపోతున్నాడు. నేను పెద్దదాన్ని. ఎవరు ఆలస్యం చేసినా అందరూ కసిరేది నన్నే.

నాన్నమ్మ స్నానాల గది తలుపు బయట పీట వేసుకుని కూర్చునేది. మలేసియా తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. నాన్న ఉద్యోగం కోసం సరిహద్దు దాటి ఈ నగరానికి వచ్చినా ఆమె పద్ధతులు మారలేదు. లోపలున్నవాళ్ళు మొదటి చెంబు పోసుకునే ముందు నదుల పేర్లు గట్టిగా చెప్పాలి. గంగ, యమున, గోదావరి... అలా. పైకి అనకపోతే నదికి వినబడదని ఆమె నమ్మకం. పేర్లన్నీ సరిగ్గా వినిపిస్తేనే అట్టు.

ఆ రోజు లోపల ఉన్నది మా చెల్లెలు పద్మ. తొమ్మిదేళ్ళది. పేర్లన్నీ చెప్పి చివర "షానన్" అంది.

"ఆగు. ఏటే అది?" అంది నాన్నమ్మ.

"నది నాన్నమ్మా. ఐర్లండ్‌లో ఉంది."

"ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టు."

బకెట్ బోర్లించిన చప్పుడు... కుళాయి చప్పుడు... మళ్ళీ పేర్లు... మళ్ళీ షానన్.

"అత్తయ్యా, బస్సులు వెళ్ళిపోతాయి," అంది అమ్మ వంటింట్లోంచి.

"బస్సు పోతే ఇంకోటొస్తాది. తప్పు తానం ఒంటికంటుకుంటే పోద్దా?"

"పద్మా, ఒక్క నది తగ్గించమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నారు నాన్న.

"కెనాట్ లా, నాన్నా," అంది అది లోపల్నుంచి, కుదరదని ఈ ఊరి ఇంగ్లీషులో.

ఇక్కడ సిస్టర్ సంగతి చెప్పాలి. మా కాన్వెంట్ బడిలో పద్మకు భూగోళం చెప్పే సన్యాసిని ఐర్లండ్ ఆవిడ. ఆవిడ పుట్టిల్లు షానన్ ఒడ్డున, చిన్న పొలంలో. ఎంత నెమ్మదైన నదంటే, నీళ్ళు తాగే ఆవుకు కూడా అది కదులుతున్నట్టు తెలియదట. ఒడ్డున పాతకాలపు సన్యాసుల రాతి మఠాలు కూలిపోయి ఉంటాయట, వాటి పక్కన సన్నటి గుండ్రటి బురుజు. చలికాలంలో నది పచ్చిక బీళ్ళ మీదికి పరుచుకుంటుంది, వేసవిలో అక్కడే గడ్డి కోసుకుంటారు. ఎవరు వద్దన్నా వినకుండా జ్ఞానపు బావి దగ్గరికి వెళ్ళిన ఒక ఆడపిల్లను నీళ్ళు పొంగి ముంచేశాయని, ఆ పిల్ల పేరే నదికి వచ్చిందని కథ. అది మా పద్మకు ఎందుకంత నచ్చిందో ఆ ఉదయం అర్థమైంది.

ఆ ఏడాది నీళ్ళు పొలం దాటి ఇంటి గుమ్మం దాకా వచ్చాయని సిస్టర్‌కు కబురొచ్చింది. తల్లి ఒంటరిది, ఇల్లు వదలనంటోంది. సిస్టర్ తరగతిలో పిల్లల్ని అడిగింది ఒక్కటే... మీ ప్రార్థనలో మా నదిని కూడా తలుచుకోండి అని. మా ఇంట్లో నదుల్ని తలుచుకునే చోటు స్నానాల గదే మరి.

నాన్న బస్సు తప్పింది. నాన్నమ్మ పీట మీంచి లేస్తూ, "ఆ బడి మాన్పించీ. ఇవాళ నది, రేపు మెళ్ళో సిలువ. సాయంత్రం వచ్చి తేల్చు," అంది నాన్నతో.

బడికి వెళ్ళే బస్సులో పద్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "అక్కా, నిజంగా మాన్పిస్తారా?"

"మనసులో అనుకుంటే సరిపోయేది కదే," అన్నాను విసుగ్గా.

"పైకి అనకపోతే నదికి వినబడదని నాన్నమ్మే కదా చెప్పింది."

దేవుడి పేరు జపిద్దామని కళ్ళు మూసుకున్నాను... నదుల పేర్లే వచ్చాయి.

సాయంత్రం నాన్న ఆఫీసులో మాటలు పడి వచ్చారు. చొక్కా కూడా మార్చుకోకుండా నాన్నమ్మ ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, రోజూ చివర పేరాక్ నది పేరు కూడా చెప్పిస్తావు. మలేసియా నది ఏ పురాణంలో ఉంది?"

అంతవరకు మాలో ఎవరికీ తట్టని ప్రశ్న.

"అది మన నది. నాను ఆ ఒడ్డునే పుట్టినాను."

"గంగా యమునల పక్కకి ఎలా వచ్చింది మరి?"

నాన్నమ్మ కొంగు మడతపెట్టుకుంది. "వరదొచ్చింది. మా అమ్మ మమ్మల్ని ఇంటి కప్పు మీదకెక్కించి, నదిని పేరెట్టి పిలిసింది... ఎనక్కెళ్ళు తల్లీ అని. అప్పట్నుంచీ మానలేదు."

"సిస్టర్ వాళ్ళమ్మను కప్పెక్కించేవాళ్ళు లేరు నాన్నమ్మా," అంది పద్మ.

"ఒక్కర్తేనా ఆ యమ్మ?"

"ఆవులున్నాయి."

నాన్నమ్మ ముఖం అటు తిప్పుకుంది. "ఆవుల్నొగ్గీసి ఎలా ఎల్తాది," అంది.

ఇప్పుడు మా తోబుట్టువుల ఇళ్ళన్నింటిలోనూ గదికో స్నానాల గది. తలుపు వేసుకుంటే వేడినీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. లోపల పిల్లలు ఎవరిని తలుచుకుంటున్నారో, అసలు తలుచుకుంటున్నారో లేదో... అడిగితే "ప్రైవసీ లా, అమ్మా" అంటారు. మీ ఇళ్ళల్లో తలుపు బయట పీట వేసుకుని వినే మనుషులు ఎవరైనా ఉండేవారా? ఉంటే రాయండి, చదువుకుంటాను.

మా ఇంట్లో ఆ సాయంత్రం తేలింది మాత్రం ఇదీ. పద్మ అదే బడికి వెళ్తుంది. సిస్టర్ వాళ్ళమ్మ గుమ్మం దగ్గర నీళ్ళు తగ్గేదాకా పేరాక్ తర్వాత షానన్ పేరు ఇంటిల్లిపాదీ చెప్పాలి, నాన్నమ్మతో సహా. మొదటి స్నానం మాత్రం నాన్నది.