ఎగిరించే దరువు, ఏడిపించే మాట

డిగ్రీలో మాకు ఇంగ్లిష్ చెప్పిన సారు పోయారని మొన్నటి చలికాలంలో మానుకోట బస్టాండులో తెలిసింది. రఘునాథపల్లిలో తమ ఇంటి ముందు మొక్కలకు నీళ్ళు పోస్తూ కూలబడ్డారట. ఆయన దగ్గర చదువుకున్న మేమంతా ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం.

సారుకు బ్రెజిల్ పాటల పిచ్చి. ఆ భాష ఆయనకూ రాదు, ఇంగ్లిష్ అనువాదాలతో కుస్తీ పట్టేవారు. పాఠం తొందరగా అయితే చిన్న స్పీకరు తీసి బల్ల మీద పెట్టేవారు. "అర్థం చెప్పుండ్రి సార్" అంటే, "ముందు వినుండ్రి. అర్థం యాడికి పోదు" అనేవారు. పాట అయ్యాకే చెప్పేవారు: కరువుకు ఊరు విడిచినవాడు ప్రియురాలిని తలుచుకోవడం, బానిసలుగా ఓడల్లో వచ్చిన తాతమ్మల మాటలు మనవల పాటల్లో మిగలడం, వాటిలోకి కరెంటు గిటార్లు వస్తే పెద్దలు అలగడం. పరీక్షలో వీటి మీద ఒక్క ప్రశ్నా రాలేదు, గుర్తున్నవి మాత్రం ఇవే.

నా పెళ్ళికి మా తండాకు వచ్చారు. మా లంబాడీల్లో అత్తారింటికి వెళ్ళే పిల్ల అయినవాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకుని ఏడుస్తూ పాడాలి. దాన్ని ఢావ్లో అంటాం. నా పాట విని సారు వాకిట్లోనే ఆగి, మా బాపును పక్కకు పిలిచి, "ఎవరు పోయిండ్రు?" అని మెల్లగా అడిగారు. తండా అంతా నవ్వింది. ఏడుపు మధ్యలో నేనూ నవ్వాను. సంగతి తెలిశాక ఆయన సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోయారు. "బ్రెజిల్ పాటలు గిట్లనే ఉంటయి బిడ్డా. దరువు ఎగిరిస్తది, మాట ఏడిపిస్తది."

తర్వాత మా చెల్లె పెళ్ళి కుదిరింది. "నేను పాడనక్కా. ఫోన్లల్ల తీసి నవ్వుకుంటరు. డీజే చాలు" అంది. తన తల్లి నేర్పిన పాట ఇక్కడితో ఆగిపోతుందని మా అమ్మ అన్నం మానేసింది. సారుతో మొర పెట్టుకున్నాను. ఆయన చెల్లెకు ఫోన్ చేశారు. "డీజే ఉండనీ. పాట మారితే పరేషాన్ లేదు. నీ మాటలు నువ్వే కట్టుకో. నేనొస్త, నన్ను పట్టుకొని పాడు."

చెల్లె ఔననలేదు, కాదనలేదు. ఇంతలోనే ఆయన వెళ్ళిపోయారు. మాట ఇచ్చి పోయారని నాకు కోపం కూడా వచ్చింది.

ఈ ఎండాకాలం పెళ్ళికి సారు భార్యను పిలిచాం. మేడం వచ్చారు గానీ, "నేను ముందుకు రావద్దమ్మా" అని షామియానా అంచున నిలబడ్డారు. అప్పగింతల వేళ డీజే మోగుతోంది. చెల్లె చెయ్యెత్తి ఆపించింది. నేరుగా మేడం దగ్గరికి నడిచి, మెడ చుట్టూ చేతులు వేసి గొంతెత్తింది. వస్తానని రాని సారును నిలదీసే మాటలు, అన్నీ తను కట్టుకున్నవే. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మేడంకు మా భాష రాదు. అర్థం చెబుదామని దగ్గరికి వెళ్ళాను.

"ముందు విననీ బిడ్డా" అన్నారు.

చెల్లె గొంతు బొంగురుపోయినా ఆగలేదు. ఆమె వీపు మీద మేడం చెయ్యి మెల్లగా దరువు వేస్తూనే ఉంది.