ద్రాక్షతీగకు కాసిన పసుపు కొమ్ములు

మా ఆర్మూరు చర్చిని చూడటానికి వచ్చిన ప్రతివాడూ తల పైకెత్తి గంట గోపురం చూస్తాడు. నేనైతే వాకిలి మీద రాతి కమాను చూడమంటాను. చర్చి కట్టించిన తెల్లదొర, ఇంగ్లండులో తన ఊరి చర్చి ఎలా ఉంటుందో కాగితం మీద గీసి ఇచ్చాడట. మొనదేలిన కిటికీలు, మందపాటి గోడలు, టేకు దూలాల కప్పు, అన్నీ గీసినట్టే వచ్చాయి. రాయి మాత్రం మా గుట్టది, సున్నం మా గానుగలో నూరింది. కమాను మీద ద్రాక్షతీగ చెక్కమన్నాడు దొర. రాళ్లు చెక్కే మా ఊరి తాత జన్మలో ద్రాక్షపండు చూసినవాడు కాదు. తీగ చెక్కాడు, ఆకులు చెక్కాడు, గుత్తుల చోట తనకు తెలిసిన పంటను వేలాడదీశాడు. పసుపు కొమ్ములు! భూమిలో ఊరే పంట తీగకు కాసింది. దొర నవ్వాడో తిట్టాడో గానీ తీసెయ్యమని మాత్రం అనలేదు. మా అమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ పడిపడి నవ్వేది.

అలాంటి చర్చిని కూల్చాలట. మొన్నటి ఎండాకాలంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద లేచాడు. నాకు వరసకు అన్న.

"గిది దొరల చర్చి. గిండ్ల మనదేమున్నది? స్లాబు ఏసి, టైల్స్ ఏసి, ఏసీ పెట్టి కొత్తది కడుదాం."

నాకు ఒళ్లు మండింది. మా చర్చిలో ఆడవాళ్లం ఎడమవైపు చాపల మీద కూర్చుంటాం. లేచి మాట్లాడే అలవాటు లేదు. ఆ అలవాటును ఆ రోజే గంగలో కలిపాను.

"దొరలదా? ఏ దొర పండించిండే గా పసుపు? వాకిలి మీద చూసిరాపో అన్నా!"

"నువ్వు కూసో చెల్లె. గోడలు చెమ్మ పట్టి కూలేటట్టున్నయ్."

"ఎందుకు పట్టదు? సున్నపు గోడకు సిమెంటు పూయించింది ఎవలు? దానికి ఊపిరాడకుంట జేసి, ఇప్పుడు సచ్చేటట్టుందంటవా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. అన్న మొహం నల్లబడింది. మగవాళ్లు కొందరు దగ్గారు. పాస్టరుగారు బైబిలు సర్దుకున్నారు. నా మాట ఎవరికీ పట్టలేదు. వారం తిరక్కుండానే జేసీబీ వచ్చి గేటు ముందు నిలబడింది.

మేం రాళ్లు విసరలేదు. గొలుసు ప్రార్థన పెట్టాం. పంట ఎండుతున్నా, ఎవరైనా దవాఖానలో పడినా మేం చేసేది అదే. ఒకరు మోకాళ్లూని ప్రార్థిస్తారు. ఆమెన్ అనగానే పక్కవాళ్లు అందుకోవాలి. మధ్యలో తెగిందా, తెంపినవాళ్ల ఇంటికి కీడు. మార్కెట్‌లో పసుపు ఏరే పని మానుకుని మరీ ఆడవాళ్లంతా వచ్చారు. ప్రార్థన నడుస్తుండగా ఏ మొనగాడు కూలుస్తాడో చూద్దామనే!

జేసీబీ డ్రైవరు ముస్లిం అబ్బాయి. టీ ఇచ్చి నీడలో కూర్చోమన్నాం. "నమాజ్ నడుస్తుంటే మసీదు జోలికి పోతమా అమ్మా? గిదీ గంతే" అన్నాడు.

మధ్యాహ్నానికి అన్నకు ఓపిక చచ్చింది. చెప్పులు వాకిట్లో విడిచి విసురుగా లోపలికి వచ్చాడు. ప్రార్థన మధ్యలో నిలబడి ఉండటం మాలో లేదు, ఎంతటివాడైనా మోకాళ్లూనాల్సిందే. నా పక్కనే ఖాళీ ఉంది. అక్కడే మోకాళ్లూని, "చెల్లె, జర బయటికి రా" అని గొణిగాడు.

అప్పుడు ప్రార్థిస్తున్నది నేనే. కళ్లు తెరవలేదు. చర్చంతా వినబడేలా "ఆమెన్" అన్నాను.

ఇక వంతు అన్నది. తెంపితే తెంపనీ, నేను మాత్రం మళ్లీ అందుకోను అనుకున్నాను. అన్న గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"ప్రభువా... మా అవ్వ పెండ్లి గీడనే అయింది. మా బాపును గీ వాకిట్లకెల్లే మట్టికి తీస్కపోయినం..."

అక్కడ ఆగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి వేసింది. అయినా నోరు విప్పలేదు. చెప్పనీ, పూర్తిగా చెప్పనీ.

"గీ వానకాలం గీ గోడల్ని కాపాడు తండ్రీ. సిమెంటు నేనే గీకిస్త. ఆమెన్."

పక్కనే ఉన్న ఆయన భార్య, మా వదినె, ఆ మాట కింద పడకముందే ప్రార్థన అందుకుంది. వాకిట్లో నిలబడి వింటున్న డ్రైవరు, ఎవరూ చెప్పకుండానే పోయి బండి వెనక్కి తిప్పాడు.