గేటు దగ్గరి కొలత

నీడ గుడ్డలు కుట్టే ఆ పెద్దాయన చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. గుడ్డ పరిచి కత్తెర పెట్టేముందు "నీదే భారం, స్వామీ" అని గొణుక్కుంటాడు. మూలలకు నాలుగు మడతలు వేస్తాడు. తాడు ముడివేశాక, తన బరువంతా వేసి వేలాడి చూస్తాడు. "నేను కట్టింది మళ్ళీ విప్పడం ఉండదు" అన్నది ఆయనకున్న ఒకే ఒక గొప్ప. దిక్కులేని కుక్కల ఆశ్రమంలో అవి ఆడుకునే ఆవరణకు ఆయన పొద్దున్నే వచ్చి కొలతలు తీసుకున్నాడు. అప్పుడు గేటు మూలలో గోడ నీడ ఉంది కనుక, అక్కడికి గుడ్డ అక్కర్లేదనుకున్నాడు.

గుడ్డ కట్టిన మధ్యాహ్నం కుక్కలన్నీ దాని కిందికి పరుగెత్తాయి. ఒక్క ముసలి కుక్క మాత్రం గేటు దగ్గర, కాలుతున్న గచ్చు మీద రొప్పుతూ పడుకుంది.

"దాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టమ్మా" అన్నాడు.

"మూడుసార్లు తెచ్చాను బాబాయ్, మళ్ళీ అక్కడికే పోతుంది. పెంచినవాళ్ళు దాన్ని వదిలేసి వెళ్ళింది ఆ గేటు దగ్గరే" అంది కుక్కలను చూసుకునే ఆవిడ. "నిన్న ఎండదెబ్బకు పడిపోయింది కూడా."

ఆయన గోడ వైపు చూశాడు. "పొద్దున గోడ నీడ చూసి మోసపోయాను. ఈ కొస విప్పి, గేటు దాకా ఇంకో ముక్క అతకాలి" అంటూ నిచ్చెనెక్కాడు.

"అదేంటి బాబాయ్, నువ్వు కట్టింది విప్పవుగా?"

"ఆ మాట చెప్పి దాన్ని ఒప్పించు, విప్పను."

ముడులు విప్పి దిగివచ్చి, భుజం మీది తువ్వాలు తడిపి కుక్క వీపు మీద కప్పాడు. చెవి మీది సుద్ద తీసి దాని చుట్టూ గచ్చు మీద గీత గీస్తూ, "కదలకు తల్లీ, కొలత తీసుకోనీ" అన్నాడు.