రూతమ్మ ఒళ్ళు చేసిందన్నారు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను మార్కాపురం వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి డిప్యూటీ సివిల్ సర్జన్‌గా వేశారు. అర్ధవీడు దగ్గరి పల్లెలో కూలికి పోయే రూతమ్మకు రక్త క్యాన్సరని అనుమానించి హైదరాబాదు పంపింది నేనే. అక్కడ తమ్ముడు యాకోబు మూలకణాలు ఆమెకు ఎక్కించారు. ఇంకొన్నాళ్లు ఆసుపత్రి దగ్గరే ఉండమన్నా వినక, చర్చివాళ్ల కృతజ్ఞత కూడిక ఉందని రెండు రోజుల కోసం ఊరికొచ్చారు. నన్నూ పిలిచారు. ఇంకా కోలుకోని మనిషిని గుంపులో కూర్చోబెడతారా అని గొణుక్కుంటూనే వెళ్లాను. ఆ షామియానా, వేటకూర వాసన, పిల్లల పాటలు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. అట్లాంటి పిలుపులు ఇప్పుడు లేవు.

"చూడండి సార్, ఎముకల గూడు లెక్క పోయిన పిల్ల ఎట్ల ఒళ్ళు చేసిందో," అని తల్లి ఏసమ్మ మురిసిపోయింది. అన్నం మాత్రం రెండు ముద్దలకు మించి పోవడం లేదట. రూతమ్మ దగ్గరికెళ్లి చూశాను. కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట బిగిసింది. కుడి పక్కటెముకల కింద చెయ్యి వేస్తే మూలిగింది. అది కండ కాదు, నీరు.

హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయనా కాలేయం దెబ్బతిన్నదనే అనుమానించి వెంటనే పంపమన్నాడు.

"నా కణాలు పని చెయ్యలేదా సార్?" అన్నాడు యాకోబు. అతని కణాలు బాగానే పట్టాయి. మార్పిడికి ముందిచ్చే ఘాటు మందులకు ఒక్కోసారి కాలేయంలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని పూడుకుపోతాయి. అప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది. దానికి డిఫైబ్రొటైడ్ అనే మందుంది. ఆరు గంటలకోసారి డ్రిప్‌లో ఎక్కించాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గుతుంది.

రూతమ్మ లేవనంది. "దేవుడు బతికించాడని అందరి ముందు సాక్ష్యం చెప్తానని మొక్కుకున్నా సార్. చెప్పకుండా ఎట్ల పోయేది?"

నాకు కోపమొచ్చింది. ఇప్పుడు కదలకపోతే చెప్పడానికి నువ్వే ఉండవని అందరి ముందే అనేశాను. పాస్టరు అయ్యగారు మైకు కట్టేసి, "నువ్వు పో తల్లీ, మేము ప్రార్థనలో కనిపెట్టుకోనుంటాం," అన్నాడు. అంబులెన్సు వెళ్లాక ఎవరూ విస్తరి ముందు కూర్చోలేదు.

ఆ మందు అందరికీ పని చేయదు. రూతమ్మకు చేసింది. చాలా వారాల తర్వాత మళ్లీ చిక్కి సగమై తిరిగొస్తే ఏసమ్మ ఏడ్చింది. నేను మాత్రం ఆనందపడ్డాను.

మూలకణ మార్పిడి అయిన రోగి ఇంటివాళ్లకు ఆ తర్వాత నేను మందులకన్నా ముందు ఒక మాట చెప్పేవాణ్ణి: రోజూ తూకం చూడండి, బరువు పెరిగితే సంతోషపడకండి, ఫోన్ చెయ్యండి.