దిండు కింది ఇనుము

అది 2021. ఆ ఏడు ఆయుధపూజ గురువారం వచ్చింది. కరోనా రెండో విడత చితక్కొట్టి వదిలిన తర్వాత జనం మళ్ళీ గుంపుగా చేరి కొబ్బరికాయలు కొట్టిన మొదటి పండగ అది. నేను తిరుపతిలో ప్రభుత్వ రేడియేషన్ సేఫ్టీ విభాగంలో పని చేస్తా ఉన్నాను. పుట్టింది పూతలపట్టు పక్కన. కోపమొచ్చినా భయమొచ్చినా నా నోట్లో ఆ పక్క మాటే వస్తాది. ఈ సంగతిలో రెండూ ఉన్నాయి కాబట్టి అట్లే చెప్తాను, ఏమీ అనుకోవద్దండి.

ఆస్పత్రుల ఎక్స్‌రే గదులు, ఫ్యాక్టరీల్లో వాడే రేడియోధార్మిక పరికరాలు పద్ధతిగా వాడుతున్నారా లేదా అని తిరిగి చూసేది మా పని. మా చుట్టాలకు నేను ‘ఎక్స్‌రే మేడం’ని. పెళ్ళిళ్ళలో కనబడితే మోకాలి నొప్పికి మాత్ర అడుగుతారు. నేనేం చెప్పినా నమ్మరు, అడగడం మానరు.

ఆ మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టినానో లేదో ఫోన్ మోగింది. రేణిగుంట దగ్గర పెద్ద పెద్ద పైపులు అతికే ఒక యార్డు ఉంది. అక్కడ రేడియోగ్రాఫర్ మురళి. మంచి పిల్లోడే.

“మేడం, కెమెరా పలకడం లేదు.”

కెమెరా అంటే ఫొటోలు తీసేది కాదు. పైపు అతుకులో బీట ఉందేమో చూసేదానికి వాడే బరువైన పెట్టె. దాని లోపల రేడియేషన్ చిమ్మే ఇరిడియం సోర్సు ఉంటుంది. సోర్సంటే అరచేతిలో ఇమిడే చిన్న ఉక్కు తీగ ముక్క, దాని కొసన మెరిసే బుడిపె. హ్యాండిల్ తిప్పితే అది గైడ్ ట్యూబు అనే గొట్టంలో పోయి అతుకు దగ్గర నిలుస్తుంది, వెనక్కి తిప్పితే పెట్టెలోకి వచ్చేస్తుంది. లోపల ఉన్నంతసేపు పెట్టె మీద సర్వే మీటరు పెడితే కొద్దిగా పలుకుతుంది. టిక్కు టిక్కుమనే ఆ మీటరే మాకు కన్నూ చెవీ. అది అరిస్తే జనం భయపడతారు. మాకు మాత్రం అరవాల్సిన చోట అరవకపోతే పై ప్రాణాలు పైనే పోతాయి.

“ఇంకో మీటరుతో సూడు,” అన్నాను.

“సూసినా మేడం. పెట్టె ఖాళీగా ఉండాది.”

అన్నం అట్లే వదిలేసి లేచినాను. పొడుగు పట్టకారు, సీసం డబ్బా, మీటరు జీపులో వేసుకుని పోతా ఉంటే దారి పొడుగునా లారీలకు అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజలు చేస్తా ఉన్నారు. ప్రతి గుంపునూ చూసి, ఈ జనంలో అది ఎవరి జేబులో ఉందో అనుకున్నాను.

యార్డులో జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం ఒళ్ళు మండింది. పొద్దున్నే పరికరాలన్నీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, పూజకు బల్ల మీద పేర్చినారు. మీటర్లు ముందే పేర్చినారు. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కగట్టే బ్యాడ్జీలు కూడా దండ వేసినట్టు ఆ బల్ల మీదే. అంతలో యజమాని వచ్చి, పూజకు ముందే ఒక్క అతుకుకు షాట్ తీసేయమన్నాడు. కెమెరా ఇంకా కింద ఉంది కాబట్టి దాంతో పని చేసినారు. మీటరు మాత్రం తియ్యలేదు.

“ఏం రా, మీటరు లేకుండా ఎట్ట తీసినావు?”

“పూజలో పెట్టినాక దించకూడదు కద మేడం,” అన్నాడు మురళి తల వంచుకుని. “ఒక్క షాటే కదా అని...”

“నీ పూజ తగలెయ్యా! ప్రాణం కాపాడే దాన్ని దేవుని ముందర పెట్టి, ప్రాణం తీసే దాన్ని చేతబట్టుకుంటివా!”

కెమెరా పాత మోడల్. ఆ ఒక్క షాటులో సోర్సు కొక్కెం ఊడి గొట్టంలోనే నిలబడిపోయింది. వీళ్ళు హ్యాండిల్ వెనక్కి తిప్పి, లోపలికి వచ్చిందనుకున్నారు. గొట్టాన్ని విప్పి, కొళాయి కింద కడిగి, దులిపి, దానికీ బొట్టు పెట్టి బల్లకెక్కించినారు. దులిపినప్పుడు సోర్సు జారి పడిపోయింది. మధ్యాహ్నం పెట్టెను బండికెక్కించే ముందు మీటరుతో చూడాలని రూలు ఉంది కాబట్టి అప్పుడు బయటపడింది. అప్పటికి అది కొళాయి దగ్గర లేదు. మీటరు పట్టుకుని కాలువంతా వెతికినాను. పసుపు నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అందర్నీ నిలబెట్టి మురళి ఫోన్లో సోర్సు బొమ్మ చూపించినాను. వాచ్‌మన్ ముందుకు వచ్చినాడు.

“ఇది నాగమ్మకు దొరికింది మేడం. ఈడ ఊడుస్తాది కద, ఆయమ్మకు. నాకు సూపించింది. పూజ చేసిన ఇనుమప్పా, మా బాలింత దిండు కింద పెట్టేదానికి బాగుంటాది అనింది. పసుపు పూసి పట్టకపాయ.”

మా పక్క బాలింతకూ పసిబిడ్డకూ గాలీధూళీ సోకకుండా దిండు కింద ఇనుము పెడతారు. కత్తో, మేకో, అడకత్తెరో, ఏదో ఒకటి. నేను పుట్టినప్పుడు మా అమ్మ దిండు కింద కూడా కొడవలి పెట్టినారంట. వాచ్‌మన్ భుజం పట్టుకున్నాను.

“బాలింత ఇంట్లోనే ఉండాదా?”

“ఈ పొద్దే ఆస్పత్రి నించి తెస్తారు మేడం. కూతురు సుజాత. తొలి కాన్పు.”

నాగమ్మ ఫోన్ మోగుతా ఉంది, ఎత్తే దిక్కు లేదు. మురళిని జీపులో వేసుకుని రైలు గేటు అవతల ఉన్న కాలనీకి పోయినాను. గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతానే ఉంది, పోతానే ఉంది. దేవుడా, వాళ్ళు ఇంకా రాకుండా చూడు, అని పైకే అన్నాను. మురళి పక్కన కూర్చుని ఏడుస్తా ఉన్నాడు. వాణ్ణి తిట్టే ఓపిక కూడా నాకు లేదు.

వీధి మలుపు తిరగ్గానే మీటరు పలికింది. నాలుగిళ్ళు దాటేసరికి టిక్కులన్నీ కలిసి ఒకటే ఈల. ఆ ఇల్లు తాళం వేసి ఉంది. వాకిట్లో కొత్త ముగ్గు. పక్కింటామె ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

“అక్కా, వెంటనే లేసి వీధి కొసకు పో. అందర్నీ పిల్సకపో!”

“యాడికమ్మా పోయేది? బిడ్డ వచ్చే యాళ. దిష్టి ఎవురు తీస్తారు?”

“నాగమ్మకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు.”

ఆమె ఫోన్‌కు నాగమ్మ పలికింది. “రాహుకాలం పోయినాక ఎక్కినామక్కా. ఆటో గేటు దగ్గరుండాది.” నేను ఫోన్ లాక్కుని, ఆడే ఆగమని అరిచినాను. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలీదు. ఇంజను మోతలో లైన్ తెగిపోయింది.

జరిగింది నాకు తర్వాత తెలిసింది. నాగమ్మ దుప్పటీ పరిచి, దిండు కింద ఆ ముక్క పెట్టి, తాళం వేసి ఆస్పత్రికి పోయింది. డిశ్చార్జి చీటీలు చేతికొచ్చేసరికి రాహుకాలం మొదలైంది. అది పోయేదాకా వార్డు మెట్ల మీదే కూతుర్నీ బిడ్డనూ కూర్చోబెట్టుకుంది. రాహుకాలం అంటే మా నాయనతో ఎన్నిసార్లు పోట్లాడినానో లెక్క లేదు. ఆ పొద్దు మాత్రం దానికి దండం పెట్టినాను.

వీధి ఖాళీ చేయించి, ఎవ్వర్నీ మలుపు దాటనీయొద్దని మురళిని అక్కడ నిలబెట్టినాను. తాళం పగలగొట్టినాను. రేడియేషన్‌కు వాసన ఉండదు, వేడి ఉండదు. ఆ గది చూస్తే ఎంత చక్కగా ఉందో! ఉతికిన దుప్పటి, సాంబ్రాణి వాసన, వేపాకు, పాత చీర మెత్తగా మడిచి కట్టిన ఉయ్యాల. అంత భయంకరమైన గది నేను మళ్ళీ చూడలేదు. లోపల ఎంత తక్కువసేపుంటే అంత మంచిది. పట్టకారుతో దిండు ఈడ్చినాను. పసుపు పూసిన ముక్క. మొదటిసారి జారిపోయింది. బయటికి పరుగెత్తి, గోడ చాటున ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పోయినాను. అప్పుడే వీధి కొసన ఆటో హారన్, మురళి అరుపు వినబడినాయి.

“రావద్దు! దండం పెడతా, రావద్దు!”

రెండోసారి పట్టకారుకు చిక్కింది. సీసం డబ్బాలో పడేసి మూత వేసినాను. ఈల ఆగింది. బయటికి వచ్చి చూస్తే, మురళి ఆటో ముందర రోడ్డు మీద అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఆటోలో ఒక పిల్ల తెల్లబోయి చూస్తా ఉంది, ఒళ్ళో గుడ్డల మూట. నేను ఆ మట్టిలోనే చతికిలబడి ఏడ్చినాను. అధికారి అయితే ఏంది, ఏడుపు ఆగలేదు.

నాగమ్మ ఆటో దిగి వచ్చింది. సన్నటి మనిషి, జడలో కనకాంబరాలు.

“ఆ ముక్క ఎట్ట తెచ్చినావమ్మా?” అని అడిగినాను.

“రొంటిలో చెక్కుకుని వచ్చినా. షేరాటోలో కాసేపే కదా.” చీర కొంచెం పక్కకు తీసి నడుము చూపించింది. “సూడు, ఏమీ కాలా.”

నిజమే, ఏమీ లేదు. నున్నగా ఉంది. నాకు ఏడుపు మళ్ళీ ముంచుకొచ్చింది. ఎందుకంటే ఆ చర్మం ఇంకొన్నాళ్ళకు ఎర్రబడుతుందని, పొక్కుతుందని, లోపలికి తింటుందని నాకు తెలుసు, ఆమెకు తెలీదు. చెప్పినాను. విని, “బిడ్డకేమీ కాదు కదా?” అనింది. కాదన్నాను. “అయితే సరే,” అనింది.

అన్నంత పనీ అయింది. వేలూరులో ఆపరేషన్ చేసి తొడ చర్మం తీసి నడుముకు వేసినారు. రెండు వేళ్ళ కొసలు పోయినాయి. సోర్సు వయసైపోయి, పవరు తగ్గి, వెనక్కి పంపే రోజు దగ్గరికొచ్చింది కాబట్టి మనిషి దక్కింది. మురళికీ, వానితో కలిసి ఆ షాటు తీసిన జతగానికీ రక్తపరీక్షలు చేయించినాము, గండం నుంచి బయటపడినారు. యార్డు లైసెన్సు మీద చర్య తీసుకున్నాము. నా పని అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. రెండు నెలల తర్వాత స్టేట్‌మెంట్ కోసం పోతే నాగమ్మ వసారాలో చాప మీద పడుకుని ఉంది. పక్కన ఆమెకని అన్నానికి వేరే తట్ట, నీళ్ళకు వేరే గ్లాసు. ఇంట్లో నుంచి ఒక పెద్దామె, బాలింతను చూసుకునేదానికి వచ్చిన అల్లుని తల్లి, గడప లోపలే నిలబడి మాట్లాడింది.

“అది ఒంట్లోకి ఎక్కిందంట కదమ్మా. పసిబిడ్డకు అంటుకుంటే? కరోనాకే అంత దూరముంటిమి.”

“ఇంతవరకూ బిడ్డను ఎత్తుకోలేదా?” అన్నాను.

నాగమ్మ గోడ పక్కకు తిరిగింది. “వద్దులేమ్మా. దిష్టి తగలకూడదని నేనే కద తెచ్చిండేది. దూరం నించే సూస్తా ఉండా.”

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. మీటరు తెచ్చి, ఆయమ్మను లేపి కూర్చోబెట్టి, అందరి ముందర ఆన్ చేసినాను. నాగమ్మ వేళ్ళ మీద, నడుము మీద, తల మీద పెట్టినాను. అప్పుడొకటి, ఇప్పుడొకటి టిక్కు, అంతే. గడపకు వేసిన గ్రానైట్ బండ మీద పెడితే ఇంకో రెండు ఎక్కువ పలికింది.

“సూడండి! మీ గడపే ఈయమ్మ కంటే ఎక్కువ పలుకుతా ఉండాది. లైటు ముందర నిలబడితే కాలుతాది గానీ, మనిషి లైటయిపోడు. ఈమె కాలింది, అంతే. అంటుకునేది కాదు.”

అందరూ విన్నారు. ఎవ్వరూ కదల్లేదు. పెద్దామె మీటరు పక్కా నా పక్కా మార్చి మార్చి చూస్తా ఉంది. ఇన్నేళ్ళ చదువూ నా చేతిలో టిక్కు టిక్కుమంటా ఉంటే, వాళ్ళ భయం ముందర దాని విలువ సున్నా.

ఇంక ఏం చెయ్యాలో తోచక, నాగమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. గొంతు ఎండిపోయి ఉంది. ఆమెకని వేరుగా పెట్టిన ఆ గ్లాసే తీసుకుని, అందులో మిగిలిన నీళ్ళు గడగడా తాగేసినాను.

పెద్దామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల సుజాత లేచింది. అత్తను తప్పించుకుని గడప దాటి వచ్చి, బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టింది. నాగమ్మ వేళ్ళ కొసలు పోయిన చెయ్యి గాల్లోనే ఆపి నా పక్క చూసింది.

“ఎత్తుకో,” అన్నాను.

ఎత్తుకుంది. బిడ్డ ఆ మొండి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

ఇప్పుడు ప్రతి ఆయుధపూజకూ ముందు యార్డులన్నీ తిరిగి, మీటరుకు బొట్టు పెట్టుకోండి గానీ చేతిలోనే ఉంచుకోండి అని చెప్తాను. చాలామంది వింటారు. ఇంకొకటి కూడా అలవాటు చేసుకున్నాను. ఎవరి ఇంటికైనా పోయి ఇక్కడ భయం లేదని చెప్పాల్సి వస్తే, ముందు మీటరు చూపిస్తాను. తర్వాత ఆ ఇంట్లోనే కూర్చుని, తాగేదానికి కొన్ని నీళ్ళు ఇమ్మంటాను.