మైలురాళ్ల చీటీలు

రోడ్డు ప్రమాదాల వివరాలను ఇకపై స్థలాల వారీగా కంప్యూటర్లోకి ఎక్కిస్తారని మొన్న పేపర్లో చదివాను. అదేదో కొత్త ఆలోచన అన్నట్టు రాశారు గానీ, అరవై ఏళ్ల కిందటే కరీంనగర్ పోలీసు కచేరీలో అది మా సడ్డకుడికి, అంటే నా భార్య చెల్లెలి భర్తకు తట్టింది. నాకు తట్టలేదు. ఈ చిన్న మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. ప్రమాదాల రిజిస్టర్లు చూసే సెక్షన్లో నేను పెద్ద గుమాస్తాను, ఆయన నా కింద కొత్తగా చేరినవాడు. ఏ ఠాణా పరిధిలో ప్రమాదం జరిగితే ఆ ఠాణా పేరు కిందే రాయడం నిజాం కాలం నుంచి వస్తున్న పద్ధతి, నేనూ కళ్లు మూసుకొని అలాగే రాసేవాణ్ణి. మంథని తోవలో ఒక మలుపు సరిగ్గా రెండు ఠాణాల పొలిమేరలో ఉండేది. అటు పడ్డవాళ్లు ఒక రిజిస్టర్లోకి, ఇటు పడ్డవాళ్లు ఇంకో రిజిస్టర్లోకి పోవడం వల్ల ఆ మలుపు ఎంత చెడ్డదో ఏ కాగితమూ చెప్పేది కాదు. ఆయన వచ్చిన ఆరు నెలలకే అది పట్టేశాడు.

"ఠాణాను బట్టి గాదన్నా, మైలురాయిని బట్టి రాద్దాం. ఒక్కో రాయికి ఒక్కో చీటీ పెడితే యాడ పానాలు పోతున్నయో కండ్లకు కనవడుతది" అన్నాడు.

ఎంత సులువైన మాట! నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దపల్లిలో మామ ఇంటికి వెళ్లినప్పుడల్లా చిన్నల్లుడి తెలివిని గురించి విని విని అప్పటికే నా చెవులు తూట్లు పడి ఉన్నాయి, ఇక ఈ పథకం కూడా మంజూరైతే ఆ ఇంట్లో నన్ను పలకరించేవాడుండడని అనిపించింది. అభిప్రాయం రాయమని మా పై అధికారి సాహెబు ఆ పథకం ఫైలు నాకే పంపితే, పాత పద్ధతే చాలునని ఒక చీటీ రాసి, అదీ పైకి పంపకుండా ఫైలును బీరువా అడుగున తొక్కిపెట్టాను.

వానాకాలం గడిచింది. ఆ మలుపులోనే లారీ గుద్ది ఎడ్లబండి తోలే మనిషి చనిపోయాడని కాగితం వచ్చింది. "గా మలుపే గదన్నా" అన్నాడు సడ్డకుడు, అంతే. నేను బీరువా తీసి ఫైలు బయటికి లాగాను. నా చీటీని ఆయన చదివాడు, నేను చింపడమూ చూశాడు.

కొత్త పద్ధతే మేలని రాసి ఫైలు పైకి పంపాను, పథకం మంజూరైంది. మామ ఇంట్లో భోజనాల దగ్గర, "అన్న గట్టిగ నిలవడకపోతే గిది అయ్యేదే గాదు మామా" అన్నాడాయన. మామ మొదటిసారి నా వీపు తట్టారు. కోరుకున్న మెప్పు దొరికింది గానీ, నన్ను అలా కాచిన ఆయన మంచితనం మీద కూడా నాకు అసూయే పుట్టింది.

ఇప్పుడా మలుపు లేదు, తోవ తిన్నగా వేశారు, అక్కడొకప్పుడు బస్సులోని వాళ్లంతా ఊపిరి బిగబట్టేవారని చెప్తే నమ్మేవాళ్లూ లేరు. సడ్డకుడు పోయాక మా మరదలు చెప్పింది, చనిపోయిన ఆ బండి మనిషి ఇంటికి ఆయన ఏటా వెళ్లి పిల్లలను పలకరించి వచ్చేవాడట. నేను ఒక్కసారీ వెళ్లలేదు.