సాంచాల మధ్య కృష్ణబిలం

"సోమారం సాంచాలు భంగార్‌ల ఇస్తున్నరు బిడ్డా. మీ చిన్నాయన అన్నం తింటలేడు, ఒక్కపారి రా" అని చిన్నమ్మ ఫోన్ చేసింది. సాంచాలంటే మరమగ్గాలు. భివండీలో వాటి చప్పుడులోనే పెరిగినవాణ్ని, అవి పాత ఇనుము కాకముందే చూద్దామని శనివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో ముంబై బండెక్కాను.

స్లీపర్ బోగీలో ఫ్యాను తిరగడం లేదు. ఎదురు బెర్తు పెద్దమ్మ ఉద్యోగమేమిటని అడిగింది. ఎలక్ట్రాన్ల ప్రవాహం మీద పరిశోధన అన్నాను.

"కరెంటు పనేనా? గట్లైతే గా ఫ్యాను జూడు."

పెన్నుతో రెక్కను తోశాను, తిరిగింది. నా చదువు వల్ల ప్రజలకు ఇంతవరకు కలిగిన మేలు అదొక్కటే.

పొద్దున కల్యాణ్‌లో దిగాను. మెట్లు నేను ఎక్కలేదు, గుంపే ఎక్కించింది. వెళ్లేవాళ్లకు ఒక సలహా: భివండీ షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చోకండి. అది సీటు కాదు, నమ్మకం.

గైబీ నగర్‌లో మా షెడ్డు చప్పుడు అలాగే ఉంది. ఏళ్ల తరబడి దాని పక్కనే ఉండి చిన్నాయన చెవులు మందగించాయి, ఫోన్లో మాట అందదు. షెడ్డులో మాత్రం అందరం గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లం. చిన్నప్పుడు అమ్మ తిట్టిన తిట్లన్నీ నాకు మూకీలే.

చిన్నాయన నన్ను చూసి పెదాలు కదిపాడు. "సాంచా కాడికెల్లి లేపి నిన్ను కాలేజికి తోలిన. గాడ ఏం జేస్తున్నవో, ఇవి బంద్ గాకముందే సమ్జాయించు."

సెమినార్లలో చాలాసార్లు చెప్పాను కానీ, గొంతు లేకుండా చెప్పడం అదే మొదలు. కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్లు కల్యాణ్ మెట్ల మీది జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ, తేనెలా చిక్కగా పారతాయి. ఆ గుంపు లెక్క సూటిగా తేలదు. అందుకని పొడవు, వెడల్పుల్లాంటి కొలత ఇంకొకటి ఎక్కువున్న లోకాన్ని ఊహించి, అందులో ఒక కృష్ణబిలాన్ని పెట్టి, దాన్ని కాస్త కదుపుతాం. అది ఎలా సర్దుకుంటుందో లెక్కగడితే ఇక్కడి చిక్కదనం తెలుస్తుంది.

"గా బిలం యాడుంది?"

"యాడ లేదు చిన్నాయనా. లెక్కలనే."

"లేనిదాన్ని కదిపితే ఉన్నదాని హాల్ తెలుస్తదా?"

"తెలుస్తది."

"దీనికి జీతమిస్తున్నరా? ఎవ్వలికి చెప్పకు" అని నవ్వాడు. ఆ నవ్వు చాన్నాళ్లకట. అది చిన్నమ్మ మాట.

సోమవారం ఆయనే ఒక్కో సాంచా ఆపాడు. చివరిది ఆగాక పక్కింటి కుక్కర్ విజిల్ వినిపించింది. మేమిద్దరం మాత్రం పెదాలే కదుపుతూ నిలబడ్డాం. చిన్నమ్మ గడపలోంచి చూసి, "ఇగనన్న నోరు తెర్వుండ్రి, బువ్వ సల్లారుతుంది" అంది. ఆ పూట చిన్నాయన మారు వడ్డించుకున్నాడు.

రాత్రి కల్యాణ్‌లో ఏసీ బోగీ ఎక్కించడానికి వచ్చాడు. మూసిన అద్దం అవతల నిలబడి పెదాలు కదిపాడు: "సాంచాల్లేకున్నా నీ మాట సమజైతుందిరా. మల్ల రా."

వస్తానని నేనూ గొంతు లేకుండానే చెప్పాను. బండి కదిలింది. ఎదుటి సీటాయన జాలిగా, "పాపం, ఆయనకు గొంతు పోయిందా?" అని అడిగాడు.

"లేదండీ, చప్పుడు పోయింది" అన్నాను.